హోమోసిస్టీన్ దిగింది, గుండెకి స్టెంట్ పడింది

మీ ప్రశ్న చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. నాన్నగారికి 54 ఏళ్ళు, షుగర్ ఉంది, గాజువాకలో ఉంటారు. ప్యాకేజీ పరీక్షల్లో, రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే పదార్థం 29 అని ఎర్రక్షరాల్లో వచ్చింది. "గుండెజబ్బుకి అసలు దొంగ కొలెస్ట్రాల్ కాదు, ఇదే" అని ఎవరో వీడియో పంపారు. కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గడానికి రోజూ రాత్రి వేసుకునే అటార్వాస్టాటిన్ (స్టాటిన్ జాతి మాత్ర) మానేసి బి విటమిన్ మాత్రలు మొదలుపెట్టొచ్చా అని అడిగారు.

2018లో సరిగ్గా ఈ పనే నేను చేశాను. మానిపించకండి. ముందు ఆ ముక్క చెప్పేస్తే మిగతాది నిదానంగా చెప్పుకోవచ్చు.

నేను డాక్టర్ని కాను. విశాఖపట్నం పోర్టు పనులు చూసే ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. అంకె కనబడితే దాన్ని సరిచేసేదాకా నిద్రపట్టని జబ్బు నాది, దాని వల్లే ఈ కథంతా. పైగా మా అన్నయ్య 49 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు. సిగరెట్టు లేదు, మందు లేదు. అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరికి ఛాతీలో కాస్త పట్టేసినా అందరి మొహాలూ మారిపోతాయి. అందుకే ఆఫీసులో ఎవరో "డెబ్భై పరీక్షలు, ఒకే ధర" అని కాగితం చూపించగానే పేరిచ్చేశాను.

మే నెల. పొద్దున్న ఆరున్నరకి కుర్రాడొచ్చి పెదవాల్తేరులో మా ఇంటి వరండాలోనే రక్తం తీసుకున్నాడు. నాలుగు గొట్టాలు. వాటిని ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి స్కూటర్ డిక్కీలో పెట్టాడు. "ఇంకా ఆరిళ్ళున్నాయండీ, పదకొండుకల్లా ల్యాబ్‌కి చేర్చేస్తాను" అన్నాడు. మర్నాడు ఫోన్లో రిపోర్టు. హోమోసిస్టీన్ 34. ఉండాల్సింది 5 నుంచి 15. పక్కనే ఎర్ర బాణం గుర్తు, కింద "హృద్రోగ ముప్పు అధికం" అని ఒక వాక్యం.

ఈ పరీక్షకి రక్తం తీసే పద్ధతే ముఖ్యమని నాకప్పుడు తెలీదు. గొట్టంలో పడ్డాక కూడా ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ని బయటికి వదులుతూనే ఉంటాయట. వెంటనే ఐస్‌లో పెట్టకుండా, కణాల్ని వేరు చెయ్యకుండా గది వేడిలో వదిలేస్తే గంటకి సుమారు పది శాతం చొప్పున అంకె పెరుగుతుంది. మా వైజాగ్ మే నెల ఎండలో, స్కూటర్ డిక్కీలో నాలుగున్నర గంటలంటే లెక్క మీరే వేసుకోండి. తర్వాత ఒక ఆసుపత్రిలో పరగడుపున తీయించి, గొట్టం ఐస్ ముక్కల్లో దిగడం నా కళ్ళతో చూసి మళ్ళీ చేయిస్తే 24 వచ్చింది. అదీ ఎక్కువే, కాదనను. కానీ ఆ పది పాయింట్ల భయం డిక్కీలో పుట్టింది. మీ నాన్నగారి 29 కూడా ఇంటికొచ్చి తీసుకెళ్ళిన శాంపిలే అయితే, ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఇంకోసారి సరిగ్గా చేయించండి.

ఇంతకీ ఏమిటీ హోమోసిస్టీన్ అంటే, మనం తినే ప్రోటీన్లలో మెథియోనిన్ అని ఒక అమైనో ఆమ్లం ఉంటుంది, ఒంట్లో అది ఖర్చయ్యే దారిలో మధ్యలో తయారయ్యే సరుకు ఇది. ఫోలిక్ యాసిడ్, బి12 కలిసి దాన్ని మళ్ళీ మెథియోనిన్‌గా మారుస్తాయి. లేదంటే బి6 సాయంతో సిస్టీన్‌గా మారి వెళ్ళిపోతుంది. ఈ విటమిన్లలో ఏది తక్కువైనా సరుకు కదలదు, రక్తంలో నిల్వ ఉండిపోతుంది. కిడ్నీలు మందగించినా, థైరాయిడ్ తక్కువైనా, సిగరెట్లు తాగినా, వయసు మీదపడినా పెరుగుతుంది.

నా విషయంలో దొంగ ఎవరో తొందరగానే దొరికాడు. బి12 చూస్తే 132 పికోగ్రాములు. ల్యాబ్ వాళ్ళు కనీసం 200 ఉండాలంటారు. అప్పటికి నేను షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు. ఆ మాత్ర చాలాకాలం వాడితే పేగులు బి12ని సరిగ్గా పీల్చుకోవు, గ్యాస్ మాత్రలు ఏళ్ళతరబడి వేసుకున్నా అంతే. పైగా మా ఇంట్లో గుడ్డు కూడా గడప దాటదు. బి12 అన్నది మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగులో కొద్దిగా, గుడ్లు, చేపలు, మాంసంలో దండిగా ఉంటుంది. ఇడ్లీ పిండి పులిస్తే బి12 పుట్టుకొస్తుందని మా చెల్లెలు ఇప్పటికీ వాదిస్తుంది. రోజూ ఇడ్లీ తినే నాకు 132 ఎందుకొచ్చిందమ్మా అంటే మాత్రం మాట్లాడదు.

అసలు లక్షణాలు ఏడాదిగా ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు. రాత్రుళ్ళు అరికాళ్ళు మంటలు. వేళ్ళు తిమ్మిర్లు. ఒకరోజు ఎంవీపీ కాలనీ రైతు బజారులో కూరలు కొని బయటికొస్తుంటే మా ఆవిడ ఆగిపోయి, "ఏటండీ, ఆ కాలికి చెప్పేదీ?" అంది. చూసుకుంటే ఎడమకాలు బోడిగా ఉంది. వంకాయల వాళ్ళ దగ్గరెక్కడో చెప్పు జారిపోయింది. ముప్పై అడుగులు నడిచాను, కింద తడి సిమెంటు, ఏమీ తెలియలేదు నాకు. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను, ఇద్దరం వెనక్కి వెళ్ళి చెప్పు తెచ్చుకున్నాం. షుగర్ వల్లే అనుకున్నాం. కొంత షుగర్ వల్లే కావచ్చు కూడా. కానీ సూదులు పడ్డాక, అంటే మొదట వారం రోజులు రోజుకొకటి, తర్వాత వారానికొకటి మిథైల్‌కోబాలమిన్ (బి12 మందు) పడ్డాక, నాలుగు నెలలకి మంటలు తగ్గాయి. బీచ్ రోడ్డు దిగి ఇసకలో నడుస్తుంటే ఇసక ఇసకలా తెలిసింది.

కాబట్టి హోమోసిస్టీన్ పరీక్ష నాకు పనికిరాలేదని అనను. బి12 లోటును అది పట్టించింది. నరాలకి మేలు జరిగింది. చిక్కల్లా, అది గుండెకి జరిగిన మేలు అని నేను అనుకోవడం దగ్గర వచ్చింది.

సూదులతో పాటు బి విటమిన్ మాత్రలూ వేసుకున్న మూడు నెలలకి హోమోసిస్టీన్ అంకె 13కి దిగింది. ఆర్నెల్లకి 11. ఆ కాగితం చూసి నాకు కలిగిన సంతోషం బ్యాలెన్స్ షీటు అణాపైసలతో సరిపోయినప్పటి సంతోషం లాంటిది. అప్పుడే వాట్సాప్‌లో మీకొచ్చినట్టే నాకూ ఒక వీడియో వచ్చింది. స్టాటిన్ వేసుకుంటే కండరాలు పోతాయి, లివరు పోతుంది, హోమోసిస్టీన్ సరిగ్గా ఉంటే కొలెస్ట్రాల్ ఎంతున్నా ఫరవాలేదు అని. నాకు కావలసిన మాటే అది. డాక్టరుగారికి చెప్పకుండా అటార్వాస్టాటిన్ ఆపేశాను. అడిగితే "వాడుతున్నానండీ" అన్నాను. తర్వాత మూడేళ్ళలో హోమోసిస్టీన్ నాలుగుసార్లు చేయించుకున్నాను, ఒక్కోసారి 1200 రూపాయలు పోసి. ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్ పరీక్ష, ఒక్కసారీ చేయించుకోలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు రాసిన మనిషిని, నచ్చిన పద్దు ఒక్కటే తిప్పి తిప్పి చూసుకున్నాను.

2022 ఆషాఢం. కోవిడ్ వల్ల రెండేళ్ళు ఆగిన సింహాచలం గిరి ప్రదక్షిణ మళ్ళీ మొదలైందని ఊరు ఊరంతా కదిలింది. 32 కిలోమీటర్లు. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయల్దేరాం, నేను, మా బావమరిది, మా వీధి కుర్రాళ్ళు. ముడసర్లోవ దాకా హుషారే. ఆరిలోవ దాటి హనుమంతవాక వైపు వస్తుంటే ఎడమ దవడ లాగింది. పంటి నొప్పి అనుకున్నాను. ఆగితే తగ్గింది. నడిస్తే మళ్ళీ. మూడోసారి దవడతో పాటు ఎడమ భుజం లోపలినుంచి ఎవరో మెలిపెట్టినట్టయింది, చెమటలు కారిపోయాయి. ఉక్కపోతకి అందరికీ కారుతున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. భక్తులకి మజ్జిగ పోస్తున్న పందిరి పక్కన అరుగు మీద కూర్చున్నాను. మజ్జిగ పోసే ఆయన గ్లాసు అందిస్తూ నా మొహం చూసి, "బావూ, మీరు లెగకండి" అన్నాడు. మా బావమరిదిని కేకేసి పిలిచిందీ ఆయనే. ఆయనెవరో ఇప్పటికీ తెలీదు.

మర్నాడు యాంజియో. గుండె ముందువైపు కిందికి దిగే పెద్ద రక్తనాళంలో ఎనభై శాతం పూడిక. స్టెంట్ వేశారు. ఆ రోజు రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ 171. హోమోసిస్టీన్ గురించి నేనే అడిగి చేయించుకున్నాను, అది 12. రెండు కాగితాలూ ఇప్పటికీ ఒకే క్లిప్పుకి పెట్టుంచాను.

వార్డులో ఉన్న మూడు రోజులూ ఒకటే ప్రశ్న అడిగాను డాక్టరమ్మని, అంకె సరిగ్గా ఉంది కదా మరి ఇదెలా వచ్చింది అని. ఆవిడకి ఓపిక ఎక్కువ. మూడోరోజు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. తర్వాత ఇంటికొచ్చి అబ్బాయి చేత చదివించుకుని సరిచూసుకున్నాను.

ఈ కథ 1969లో అమెరికాలో కిల్మర్ మెక్‌కల్లీ అనే పాథాలజిస్టుతో మొదలైంది. పుట్టుకతోనే హోమోసిస్టీన్ విపరీతంగా పెరిగే అరుదైన జబ్బుతో పోయిన చిన్నపిల్లల ధమనులు చూశాడాయన. ఒకడికి ఎనిమిదేళ్ళు, ఇంకోడికి రెండు నెలలు. ఆ పసివాళ్ళ రక్తనాళాలు ముసలివాళ్ళవిలా గట్టిపడి ఉన్నాయి. పెద్దల గుండెజబ్బుకీ ఇదే కారణం కావచ్చు కదా అన్నాడు. మంచి ఆలోచనే. తర్వాత లెక్కలు తీస్తే హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్ళకి గుండెపోట్లు ఎక్కువే అని తేలింది కూడా. బి విటమిన్లు చవక, అంకెని దించుతాయి. ఇంకేం కావాలి అని లోకమంతా ఆశపడింది.

అప్పుడు అసలు పరీక్ష పెట్టారు. సగం మందికి విటమిన్లు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు, ఎవరికేది పడిందో తెలియకుండా. 2006లో రెండు ఫలితాలు వచ్చాయి. నార్వేలో గుండెపోటు వచ్చి బతికిన 3749 మంది మీద చేసిన నార్విట్ అనే అధ్యయనంలో హోమోసిస్టీన్ 27 శాతం దిగింది, గుండెపోట్లు తగ్గలేదు. రెండోది హోప్-2, అందులో 5522 మంది, ఐదేళ్ళు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు అన్నీ కలిపితే విటమిన్లు వేసుకున్నవాళ్ళలో 18.8 శాతం, వేసుకోనివాళ్ళలో 19.8. అంత చిన్న తేడా కాకతాళీయం కూడా కావచ్చన్నారు. 2010లో బ్రిటన్ వాళ్ళ సెర్చ్ అధ్యయనం, 12,064 మంది, దాదాపు ఏడేళ్ళు, అదే కథ. అదే ఏడు ఇలాంటి ఎనిమిది అధ్యయనాల్ని, మొత్తం 37,485 మందిని, ఒకచోట చేర్చి చూశారు. అంకె పావువంతు తగ్గింది. గుండెజబ్బు తగ్గలేదు.

ఇది విన్నాక నాకు పోర్టు గుర్తొచ్చింది. అల్పపీడనం పడితే పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు కదా. దాన్ని తాడు లాగి దించేస్తే వాయుగుండం వెనక్కి పోదు. హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కిడ్నీలు నెమ్మదించినా, వయసు పైబడినా, సిగరెట్లు కాల్చినా హోమోసిస్టీనూ పెరుగుతుంది, గుండెజబ్బూ పెరుగుతుంది. రెండూ కలిసి కనబడ్డంత మాత్రాన మొదటిది రెండోదాన్ని తెచ్చిందని కాదు. పుట్టుకతోనే ఒక జన్యువు తేడా వల్ల జీవితమంతా హోమోసిస్టీన్ కొంచెం ఎక్కువగా ఉండేవాళ్ళనీ చూశారు, వాళ్ళకీ గుండెజబ్బు చెప్పుకోదగ్గంత ఎక్కువ లేదు. ఎంటీహెచ్ఎఫ్ఆర్ అని ఆ జన్యుపరీక్షని కూడా ఇప్పుడు ప్యాకేజీల్లో అమ్ముతున్నారు. నా మాట వింటే ఆ డబ్బులు దాచుకోండి.

పక్షవాతం సంగతి మాత్రం కాస్త వేరు, దాన్ని దాచను. 2015లో చైనాలో బీపీ ఉన్న 20,702 మందికి బీపీ మాత్రతో పాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చి నాలుగున్నరేళ్ళు చూశారు. మొదటిసారి పక్షవాతం 3.4 శాతం నుంచి 2.7కి తగ్గింది. అక్కడ పిండిలో ఫోలిక్ యాసిడ్ కలపరు, జనంలో లోటు ఎక్కువ. లోటున్నచోట పూడిస్తే పక్షవాతానికి కొంత లాభం ఉండొచ్చని డాక్టరమ్మ కూడా అంది. గుండెపోట్లలో మాత్రం అక్కడా తేడా రాలేదు.

మన దగ్గర రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు వేస్తూ వచ్చారు. మా పనమ్మాయి వాటిని "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేస్తుంటే పట్టుకుని చెప్పాను. నమ్మిందో లేదో తెలీదు.

ఇప్పుడు ఈ విటమిన్ల లెక్క పక్కనే స్టాటిన్ లెక్క పెట్టి పోల్చి చూడండి. ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు ఐదోవంతు తగ్గుతాయని లక్షమందికి పైగా మీద చేసిన పరీక్షల్లో తేలింది. నేను చేజేతులా పారేసుకున్న లాభం అది. నా అన్నయ్య పోయిన ఇంట్లో పుట్టి, షుగర్ పెట్టుకుని, దాన్నే వదులుకున్నాను. కండరాల నొప్పులొస్తే మాత్ర మార్చొచ్చు, మోతాదు తగ్గించొచ్చు, అవన్నీ డాక్టరుతో మాట్లాడుకునే విషయాలు. అబద్ధం చెప్పడం ఒక్కటి మాత్రం చెయ్యకూడదు, అది చేసింది నేను.

ఇక మీ నాన్నగారి విషయానికొస్తే, 29ని చూసి భయపడే బదులు దాని వెనకాల ఏముందో వెతకండి. బి12 చేయించండి, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే తప్పకుండా. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ ఆ ప్యాకేజీలోనే ఉండి ఉంటాయి, ఎర్రబాణం లేదని అవి ఎవరూ చూసి ఉండరు. అరికాళ్ళ మంటలున్నాయేమో అడగండి. మగవాళ్ళు అడిగితే తప్ప చెప్పరు, అడిగినా ఒక్కోసారి చెప్పరు.

బి12 తక్కువొస్తే పూడ్చాల్సిందే, గుండె కోసం కాదు, నరాల కోసం, రక్తం కోసం. బి12 చూడకుండా మందుల షాపులో ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే కొని వెయ్యకండి. రక్తహీనత సర్దుకున్నట్టు కనబడుతుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. బి6 కూడా పెద్ద మోతాదులో నెలలకొద్దీ వేసుకుంటే అదే తిరిగి తిమ్మిర్లు తెస్తుంది. షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళయితే ఇంకా జాగ్రత్త. కెనడాలో అలాంటి 238 మందికి పెద్ద మోతాదు బి విటమిన్లు ఇస్తే కిడ్నీలు ఇంకా వేగంగా నీరసించాయి, గుండెపోట్లూ పక్షవాతాలూ పెరిగాయి. విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకునే వీల్లేదు.

తిండి సంగతి మీరడగలేదు, అయినా ఒక మాట. మీరు చేపలు తినే ఇల్లయితే గాజువాకలో కానాగంతలకీ, కవళ్ళకీ కొదవలేదు, వంజరమే అక్కర్లేదు. బి12 దొరుకుతుంది. ఫోలేట్‌కి తోటకూర, బచ్చలి, పెసలు, శనగలు. ఆకుకూరని గంటసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే ఫోలేట్ ఆ నీళ్ళతోనే పోతుంది. మా ఇంట్లో ఆ నీళ్ళు ఇప్పుడు చారులోకి పోతున్నాయి. రుచి గురించి అడగకండి.

ఆ రిపోర్టు మొత్తం పట్టుకుని, మొదటి పేజీనుంచి, నాన్నగారిని ఈ వారంలో ఆయన మామూలుగా చూపించుకునే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఎల్‌డీఎల్ ఎంతుందో, బీపీ ఎంతుందో, ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులో గుండెపోటు వచ్చిందో అవి ముందు చెప్పండి, హోమోసిస్టీన్ ఆఖర్న అడగండి. ఈ రాత్రి అటార్వాస్టాటిన్ మాత్రం ఎప్పట్లాగే వేయించండి.